ఫ్యాన్ ఆపకుండానే మాట దక్కించుకోవడం: ఇంట్లో మైక్ అర్రేతో చేసిన రికార్డింగులోంచి రొద తీసే పద్ధతి

మే నెల మధ్యాహ్నం ఎనభై ఏళ్ల పెద్దాయన్ని హాల్లో కూర్చోబెట్టి "కాసేపు ఫ్యాన్ ఆపేద్దాం తాతా, రికార్డింగ్ బాగా వస్తుంది" అని అడగలేం. అడిగి ఆపినా, పది నిమిషాలకు చెమటలు పట్టి ఆయన మాటలు పొట్టివైపోతాయి. కాబట్టి ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది, వంటింట్లో కుక్కర్ కూస్తూనే ఉంటుంది, వీధిలో కూరగాయల బండి అరుస్తూనే పోతుంది. ఆ రొద మధ్య నుంచే మాటను బయటికి తీసుకోవాలి.

ఒక్క మైకుతో చేసిన రికార్డింగుకైతే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లోని నాయిస్ రిడక్షన్ బటనే దిక్కు. నేనూ మొదట్లో అదే నొక్కాను. హోరు పోయింది, దానితోపాటు మాటల చివరలూ పోయాయి. "వచ్చాడా" అన్న మాట "వచ్చాడ్" అన్నట్టు వినిపించింది. ఆయన అడుగుతున్నారో, చెబుతున్నారో తెలియలేదు. తెలుగులో ఇది చిన్న నష్టం కాదు. మన మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి. "వచ్చింది"కీ "వచ్చిందా"కీ, "నేను"కీ "నేనే"కీ తేడా అంతా ఆ చివరి అచ్చులోనే ఉంది. చాలాసార్లు మాట మొత్తంలో గొంతు బాగా తగ్గేది కూడా అక్కడే. రొదను కోసే సాఫ్ట్‌వేర్ ముందుగా కోసేది ఆ చివరనే.

అందుకే కింద చెప్పే పద్ధతి మొత్తం ఒకే వరసలో నడుస్తుంది: రొదను వీలైనంతవరకు అది వచ్చే దిక్కును బట్టి తగ్గించాలి. మిగిలినదాన్ని కోయడం చివర్లో, కొంచెమే. దిక్కును బట్టి తగ్గించాలంటే ఒకటి కంటే ఎక్కువ మైకులు కావాలి. అలా ఒకేచోట అమర్చిన మైకుల గుంపునే మైక్ అర్రే అంటారు.

నాలుగు మైకులు ఏం చేస్తాయి

గాలిలో ధ్వని 20 డిగ్రీల దగ్గర సెకనుకు సుమారు 343 మీటర్లు ప్రయాణిస్తుంది. 30 డిగ్రీల గదిలో 349 మీటర్లు. రెండు మైకుల మధ్య 5 సెం.మీ. దూరం ఉంటే, పక్క నుంచి వచ్చే మాట రెండో మైకును సుమారు 0.14 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. 16 కిలోహెర్ట్జ్ రికార్డింగులో, అంటే ధ్వనిని సెకనుకు 16,000 సార్లు కొలిచే రికార్డింగులో, అది రెండు శాంపిళ్ల (రెండు కొలతల) కంటే కాస్త ఎక్కువ. ఈ చిన్న ఆలస్యమే మన ఆస్తి. తాత మాట ఒక ఆలస్యంతో వస్తుంది, కిటికీలోంచి వచ్చే బండి చప్పుడు ఇంకో ఆలస్యంతో వస్తుంది. మాట ఆలస్యాలను సరిచేసి నాలుగు చానళ్లనూ కలిపితే మాట బలపడుతుంది. మిగతావి ఒకదానితో ఒకటి పొంతన కుదరక తగ్గుతాయి. దీన్నే బీమ్‌ఫార్మింగ్ అంటారు.

ఇందులో ఒక మేలు ఉంది. ఒక్కో ఫ్రీక్వెన్సీ దగ్గర చానళ్లను స్థిరమైన గుణకాలతో గుణించి కూడుతున్నామే తప్ప, ఏ క్షణాన్నీ కత్తిరించి పారేయడం లేదు. అందుకే బలహీనమైన చివరి అచ్చు కూడా బతుకుతుంది.

మొదటి అడుగు: పరికరం

ముఖ్యమైన నియమం ఒకటి: మైకులన్నీ ఒకే గడియారంతో నడవాలి. రెండు వేర్వేరు యూఎస్‌బీ మైకులు, లేదా రెండు ఫోన్లు పెట్టి తర్వాత కలుపుకుందాం అనుకుంటే కుదరదు. రెండు పరికరాల గడియారాల మధ్య పది లక్షలకు 50 వంతుల తేడా ఉందనుకోండి. 16 కిలోహెర్ట్జ్ దగ్గర సెకనుకు 0.8 శాంపిల్ చొప్పున జారుతుంది. పది నిమిషాలకు 480 శాంపిళ్లు, అంటే 30 మిల్లీసెకన్లు. మనం లెక్కపెట్టుకునే ఆలస్యం రెండు శాంపిళ్లయితే, జారినది నాలుగు వందల ఎనభై. కాబట్టి ఒకే బోర్డు మీద నాలుగు మైకులున్న పరికరం తీసుకోండి, లేదా ఒకే ఆడియో ఇంటర్‌ఫేస్‌కు నాలుగు మైకులు తగిలించండి.

చవకగా దొరికేవాటిలో రీస్పీకర్ యూఎస్‌బీ మైక్ అర్రే లాంటివి చాలామందికి తెలుసు. దాని ఆరు చానళ్ల ఫర్మ్‌వేర్‌లో (పరికరం లోపల నడిచే సాఫ్ట్‌వేర్‌లో) మొదటి చానల్ పరికరం తనంతట తాను శుభ్రం చేసి ఇచ్చేది. తర్వాతి నాలుగూ మైకుల నుంచి నేరుగా వచ్చే ముడి ధ్వని. చివరిది స్పీకర్‌కు పంపిన ధ్వని. మనకు కావలసింది మధ్యలోని ఆ నాలుగే. నా మొదటి రెండు గంటల రికార్డింగు నేను మొదటి చానల్ ఒక్కటే దాచుకుని పోగొట్టుకున్నాను. శుభ్రం చేసిన చానల్ నుంచి వెనక్కి వెళ్లే దారి లేదు. ఏ పరికరమైనా సరే ఆటో గెయిన్, నాయిస్ సప్రెషన్, ఎకో క్యాన్సిలేషన్ ఆపేసి ముడి చానళ్లే రికార్డు చేయండి. ఆటో గెయిన్ ఒక్కో చానల్‌ను విడిగా ఎక్కిస్తూ దించుతూ పోతే మైకుల మధ్య పొంతన నాశనమవుతుంది.

మైకుల మధ్య దూరం గురించి రెండు మాటలు. దూరం ఎక్కువైతే పై ఫ్రీక్వెన్సీల్లో దిక్కులు కలగాపులగమవుతాయి. తరంగం పొడవులో సగం కంటే దూరం తక్కువుండాలన్నది లెక్క. 5 సెం.మీ. దూరానికి అది సుమారు 3.5 కిలోహెర్ట్జ్ దాకా సరిపోతుంది. దూరం మరీ తక్కువైతే కింది ఫ్రీక్వెన్సీల్లో అర్రేకు దిక్కే తెలియదు. 200 హెర్ట్జ్ తరంగం పొడవు సుమారు 1.75 మీటర్లు, దాని ముందు అరచేతంత బోర్డు ఒక చుక్కతో సమానం. మాటకు 4 నుంచి 6 సెం.మీ. మధ్యేమార్గం. మైకుల మధ్య దూరాలు స్కేలు పెట్టి మీరే కొలిచి రాసుకోండి.

రెండో అడుగు: గది

ఇక్కడ పెట్టిన అరగంట, కంప్యూటర్ ముందు కూర్చునే రెండు రోజులతో సమానం. నేను ఎక్కువసేపు చెప్పేది కూడా దీని గురించే.

మన ఇళ్లలో రొద కంటే పెద్ద శత్రువు గది మోత, అంటే గోడల మీంచి మళ్లీ మళ్లీ తిరిగొచ్చే ధ్వని. సున్నం గోడలు, టైల్స్ నేల, పైన స్లాబు, ఏదీ ధ్వనిని తాగదు. 12 అడుగుల వెడల్పు, 14 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తున్న హాలు తీసుకోండి. ఘనపరిమాణం సుమారు 48 ఘనపు మీటర్లు, గోడలు, నేల, పైకప్పు కలిపి సుమారు 80 చదరపు మీటర్లు. ఆ ఉపరితలం తన మీద పడిన ధ్వనిలో నూటికి 3 వంతులే పీల్చుకుంటుందనుకుంటే, సబీన్ సూత్రం ప్రకారం మోత 60 డెసిబెల్ తగ్గడానికి మూడు సెకన్ల పైనే పడుతుంది. అదే గదిలో పరుపులు, మందం కర్టెన్లు, బట్టల మూటలు, కూర్చున్న మనుషులు కలిసి ఇంకో 10 చదరపు మీటర్ల పీల్చుకునే శక్తిని చేరిస్తే అది దాదాపు 0.6 సెకనుకు దిగుతుంది. కొనాల్సినదేమీ లేదు. పడకగదిలోని పరుపు తెచ్చి, మాట్లాడేవారికి ఎదురుగా ఉన్న ఖాళీ గోడకు ఆనించండి. బొంతలు కుర్చీల మీద వేలాడదీయండి. నేల మీద చాపకంటే రగ్గు మేలు.

అర్రేను ఎంత దగ్గర పెట్టాలో కూడా ఈ లెక్కే చెబుతుంది. నోటి నుంచి నేరుగా వచ్చే ధ్వని, గోడల మీంచి తిరిగొచ్చే మోత సమానమయ్యే దూరం ఒకటుంటుంది. మూడు సెకన్ల మోత ఉన్న ఖాళీ హాల్లో అది సుమారు 22 సెం.మీ. మాత్రమే. పరుపులు పెట్టిన హాల్లో అర మీటరు. అది దాటితే మైకు మనిషి కంటే గోడలనే ఎక్కువ వింటుంది. దూరం సగమైన ప్రతిసారీ నేరుగా వచ్చే మాట 6 డెసిబెల్ పెరుగుతుంది. అందుకని టీపాయ్ మధ్యలో అందంగా పెట్టేకంటే, ముఖ్యంగా మాట్లాడే మనిషికి అర మీటరు నుంచి ముప్పావు మీటరు దూరంలో పెట్టండి. బల్ల నున్నగా ఉంటే దాని మీంచి కూడా ధ్వని తిరిగొస్తుంది. మడతపెట్టిన తువ్వాలు వేసి, దాని మీద ఒక పుస్తకాల దొంతి ఎత్తున అర్రేను నిలబెట్టండి. గోడకు అంటించవద్దు.

ఫ్యాన్ సంగతి. ఫ్యాన్ రొదలో రెండు రకాలున్నాయి. ఒకటి గది అంతా నిండే హోరు. రెండోది, గాలి నేరుగా మైకు రంధ్రానికి తగిలి పుట్టే గుడగుడ. రెండోదాన్ని తర్వాత తీయడం చాలా కష్టం, ముందే ఆపడం తేలిక. అర్రేను సరిగ్గా ఫ్యాన్ రెక్కల కింద పెట్టకండి, పైన పలుచని స్పాంజి తొడుగు వేయండి. కొన్ని ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్లతో ఫ్యాన్ తక్కువ స్పీడు దగ్గర గుయ్‌మంటుంది. అలాంటి చోట స్పీడు తగ్గిస్తే గాలి తగ్గి గుయ్‌మనడం మిగులుతుంది. ఒక్కో నంబరు దగ్గర పది సెకన్లు రికార్డు చేసి హెడ్‌ఫోన్‌లో విని ఎంచుకోండి. కూలర్‌ను ఆపలేకపోతే, మాట్లాడే మనిషి వెనక ఉండకుండా పక్కకు జరపండి. మాట, రొద ఒకే దిక్కు నుంచి వస్తే ఏ అర్రే ఏమీ చేయలేదు. వాటి మధ్య 60 నుంచి 90 డిగ్రీల కోణం ఉంటే తర్వాతి పని సగం అయిపోయినట్టే.

మూడో అడుగు: రికార్డింగు

ముందుగా, ఎవరూ మాట్లాడకుండా, ఫ్యాన్, ఫ్రిజ్ అన్నీ ఎలా నడుస్తాయో అలాగే నడుస్తుండగా 30 సెకన్లు రికార్డు చేయండి. దయచేసి దీన్ని వదిలేయకండి. ఈ ముప్పై సెకన్లు ఆ గది రొదకు ఫొటో లాంటివి. తర్వాత వచ్చే లెక్కంతా దాని మీదే నిలబడుతుంది.

ఆ తర్వాత ఒక్కొక్కరూ తాము కూర్చున్న చోటి నుంచి ఒకసారి చప్పట్లు కొట్టి, పది సెకన్లు ఒంటరిగా మాట్లాడాలి. పేరు, ఊరు, పొద్దున ఏం తిన్నారో చెప్పమంటే చాలు, ఆ మాటల్లోనే టెన్షన్ కూడా తగ్గుతుంది. ఎవరు ఎక్కడ కూర్చున్నారో, అర్రే ఏ వైపు తిరిగి ఉందో, కిటికీ, వంటింటి తలుపు ఎక్కడున్నాయో కాగితం మీద బొమ్మ గీసి ఫొటో తీసి పెట్టుకోండి.

గట్టిగా నవ్వినప్పుడు కూడా లెవెల్ మీటరు పై హద్దుకు తగలకుండా, 12 డెసిబెల్ ఖాళీ ఉండేలా లెవెల్ పెట్టండి. తల విరిగిన తరంగాన్ని ఏ పద్ధతీ అతికించలేదు. ఫైలు వేవ్ రూపంలోనే ఉండాలి. ఎంపీ3 లాంటి కుదింపులో మైకుల మధ్య ఉన్న సన్నని ఆలస్యాలు పాడవుతాయి.

నాలుగో అడుగు: చానళ్ల తనిఖీ

ఆడాసిటీ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఫైలు తెరిచి ఒక్కో చానల్‌ను విడిగా వినండి. ఒకటి మూగగా ఉందా, ఒకదానిలో గరగర ఉందా చూడండి. ఫ్యాన్ మాత్రమే ఉన్న భాగంలో నాలుగింటి లెవెల్స్ ఒకటి రెండు డెసిబెల్ తేడాలో ఉండాలి. చప్పట్ల దగ్గర బాగా పెద్దది చేసి చూస్తే ఏ మైకుకు ముందు చేరిందో కనబడుతుంది. అది మీరు గీసిన బొమ్మతో సరిపోకపోతే చానళ్ల వరస తారుమారైందన్నమాట. ఒక చానల్ తరంగం తలకిందులుగా ఉంటే సరిచేయండి.

తర్వాత నాలుగు చానళ్లకూ ఒకేలా 80 హెర్ట్జ్ హైపాస్ ఫిల్టర్ (అంతకంటే కింది ఫ్రీక్వెన్సీలను తగ్గించేది) వేయండి. మన కరెంటు 50 హెర్ట్జ్‌ది కాబట్టి ఆ హమ్ చాలావరకు తగ్గుతుంది. దాని రెట్టింపు 100 హెర్ట్జ్ హమ్ మాత్రం ఉంటుంది. మగవారి గొంతు శ్రుతి కూడా ఆ చుట్టుపక్కలే తిరుగుతుంది కాబట్టి 100 దగ్గర వెడల్పుగా కోయకండి, మరీ ఇబ్బందిగా ఉంటేనే సన్నని నాచ్ ఫిల్టర్ (ఆ ఒక్క ఫ్రీక్వెన్సీనే కోసేది) వాడండి.

ఐదో అడుగు: ముక్కలు చేయడం

ఇక్కడి నుంచి పైథాన్ ప్రోగ్రామింగ్. ధ్వనిని చిన్న ముక్కలు చేసి ఒక్కో ముక్కను ఫ్రీక్వెన్సీలుగా విడదీస్తాం, పని అంతా ఆ రూపంలోనే జరుగుతుంది. 16 కిలోహెర్ట్జ్ ఫైలుకు 512 శాంపిళ్ల కిటికీ (ఒక్కో ముక్క పొడవు), 128 శాంపిళ్ల అడుగు (ఒక ముక్క నుంచి తర్వాతి ముక్కకు జరిగే దూరం) తీసుకోండి. అంటే ఒక్కో కిటికీ 32 మిల్లీసెకన్లు, అడుగు 8 మిల్లీసెకన్లు, ఒక్కో ముక్కకు 257 ఫ్రీక్వెన్సీ గదులు (విడివిడి ఫ్రీక్వెన్సీ పట్టీలు). ఒక్కో ముక్కను ఫ్రేము అంటారు. ముప్పై సెకన్ల ఫ్యాన్ భాగంలో సుమారు 3,750 ఫ్రేములు వస్తాయి, నాలుగు మైకుల లెక్కకు ఇది ధారాళం.

ఆరో అడుగు: గది మోత తగ్గించడం

రొద కంటే ముందు మోతను తగ్గించాలని నా అభిప్రాయం, ముఖ్యంగా తెలుగుకు. "గుడ్డి" అన్నప్పుడు ద్విత్వం దగ్గర నాలుక అడ్డుపడి నోటి దారి క్షణకాలం మూతపడుతుంది, ధ్వని బాగా తగ్గుతుంది. ఆ ఖాళీ నిడివే "గుడి"ని "గుడ్డి"ని వేరు చేస్తుంది. మోత ఎక్కువున్న గదిలో ముందటి "గు" తోక వచ్చి ఆ ఖాళీని నింపేస్తుంది. వినేవాడు సందర్భాన్ని బట్టి ఊహించుకుంటాడు, మాటను రాసే యంత్రం తప్పు రాస్తుంది.

దీనికి డబ్ల్యూపీఈ (వెయిటెడ్ ప్రిడిక్షన్ ఎర్రర్) అనే పద్ధతి నమ్మదగినది. నకతాని బృందం 2010లో వివరంగా ప్రచురించింది. ఆలోచన సులువు: ఇప్పుడు వినిపిస్తున్న మోత కొద్దిసేపటి క్రితం పలికిన మాట తాలూకుదే కాబట్టి, గడిచిన ఫ్రేముల నుంచి దాన్ని ఊహించి తీసివేయడం. జర్మనీలోని పాడర్‌బోర్న్ విశ్వవిద్యాలయం వారి నారా-డబ్ల్యూపీఈ అనే పైథాన్ ప్యాకేజీ ఉచితంగా దొరుకుతుంది. ఆలస్యం 3 ఫ్రేములు, ట్యాప్‌లు (ఊహకు వాడే గత ఫ్రేముల సంఖ్య) 10, పునరావృత్తులు 3 పెట్టి మొదలుపెట్టండి. మన 8 మిల్లీసెకన్ల అడుగుకు 3 ఫ్రేములంటే 24 మిల్లీసెకన్లు. ఆలోపు తిరిగొచ్చే ధ్వనిని అది ముట్టుకోదు, ముట్టుకోకూడదు కూడా, ఎందుకంటే మాటకు నిండుదనం ఇచ్చేది అదే. మాట పలచబడినట్టు అనిపిస్తే ట్యాప్‌లు తగ్గించండి.

ఈ పద్ధతి నాలుగు చానళ్లు తీసుకుని నాలుగు చానళ్లే తిరిగిస్తుంది, మైకుల మధ్య ఆలస్యాలను చెడగొట్టదు. అందుకే బీమ్‌ఫార్మింగ్‌కు ముందే వాడాలి. అసలు మోతలో ఉన్న మాటను బాగుచేయడం మన వాళ్లకు కొత్త విషయం కాదు. ఐఐటీ మద్రాసులోనూ తర్వాత హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలోనూ పనిచేసిన బి. యజ్ఞనారాయణ గారు, గొంతులో మాట పుట్టే క్షణాల ఆనవాళ్లను పట్టుకుని మోతను తగ్గించే దారిలో ఏళ్లపాటు పరిశోధన చేశారు.

ఏడో అడుగు: బీమ్‌ఫార్మింగ్

అన్నిటికంటే సులువైనది ఆలస్యాలు సరిచేసి కలపడం. ఒంటరిగా మాట్లాడిన పది సెకన్ల నుంచి మైకుల మధ్య ఆలస్యాలను జీసీసీ-ఫాట్ పద్ధతితో (రెండు చానళ్లను పోల్చి ఆలస్యం కనిపెట్టే లెక్కతో) లెక్కించండి. నాప్, కార్టర్ 1976లో చెప్పిన ఈ లెక్క ఇప్పటికీ అందరూ వాడుతున్నారు. పైరూమ్‌అకౌస్టిక్స్ అనే పైథాన్ ప్యాకేజీలో దిక్కు కనిపెట్టే సాధనాలు కూడా ఉన్నాయి. చానళ్లను ఆ మేరకు జరిపి సగటు తీయండి. పుస్తకాల లెక్క ప్రకారం నాలుగు మైకులకు 6 డెసిబెల్, ఎనిమిదింటికి 9 డెసిబెల్ లాభం రావాలి.

ఇంట్లో అంత రాదు, కంగారు పడకండి. ఆ లెక్క మైకు మైకుకూ రొద సంబంధం లేకుండా ఉన్నప్పుడే నిజం. గది నిండా పరచుకున్న ఫ్యాన్ హోరు అలా ఉండదు. 5 సెం.మీ. దూరంలోని రెండు మైకులకు దాదాపు 3.5 కిలోహెర్ట్జ్ దాకా ఆ హోరులో ఎంతో కొంత పోలిక ఉంటుంది, కిందికి పోయేకొద్దీ అది అచ్చం ఒకేలా వినబడుతుంది. కాబట్టి కింది ఫ్రీక్వెన్సీల్లో సగటు తీసినా అది తగ్గదు.

అందుకే ఎంవీడీఆర్ (మినిమమ్ వేరియన్స్ డిస్టార్షన్‌లెస్ రెస్పాన్స్) అనే బీమ్‌ఫార్మింగ్ పద్ధతి. 1969లో కేపన్ భూకంప తరంగాలను పసిగట్టే సెన్సార్ల వరుసల కోసం చెప్పిన ఆలోచన ఇది. మనం కోరిన దిక్కు నుంచి వచ్చేదాన్ని మార్చకుండా వదిలి, మిగతా మొత్తం శక్తిని వీలైనంత తగ్గించే గుణకాలు వెతకడం. భూమి అదురును వినడానికి పుట్టింది ఇవాళ తాత మాట వినడానికి పనికొస్తోంది.

చేసే విధానం ఇది. ఒక్కో ఫ్రీక్వెన్సీ గదికి రెండు మాత్రికలు (మ్యాట్రిక్స్, అంటే అంకెల పట్టికలు) కావాలి, రెండూ నాలుగు అడ్డు నాలుగు. మొదటిది రొద మాత్రిక: ఫ్యాన్ మాత్రమే ఉన్న ఫ్రేముల్లో, నాలుగు చానళ్ల విలువలను వాటి కాంజుగేట్‌లతో గుణించి తీసిన సగటు. రెండోది మాట మాత్రిక: ఆ మనిషి మాట్లాడుతున్న ఫ్రేముల్లో అదే సగటు తీసి, అందులోంచి రొద మాత్రికను తీసేయగా మిగిలినది. ఇప్పుడు రొద మాత్రిక విలోమాన్ని మాట మాత్రికతో గుణించండి. వచ్చినదాన్ని దాని ట్రేస్‌తో, అంటే వికర్ణం మొత్తంతో, భాగించండి. అందులో మీరు ఎంచుకున్న రిఫరెన్స్ మైకు తాలూకు నిలువు వరుసే మీ గుణకాలు. వాటి కాంజుగేట్‌లతో నాలుగు చానళ్లను గుణించి కూడితే ఒక్క చానల్ వస్తుంది. సూడెన్, బెనెస్టీ, ఆఫెస్ 2010లో ఇచ్చిన ఈ రూపంలో దిక్కును విడిగా లెక్కించే పని లేదు, మైకుల కొలతల్లో చిన్న పొరపాటున్నా ఇబ్బంది లేదు. ఇంటి రికార్డింగులకు నేను దీన్నే వాడతాను.

మూడు చోట్ల జాగ్రత్త కావాలి.

రొద మాత్రిక విలోమం చేసే ముందు దాని వికర్ణానికి కొంచెం బరువు కలపండి. వికర్ణం సగటులో వెయ్యోవంతుతో మొదలుపెట్టి, కింది ఫ్రీక్వెన్సీల్లో సుయ్‌మనే శబ్దం పెరిగితే వందోవంతు దాకా పెంచండి. అది కలపకపోతే, మైకులు దాదాపు ఒకేలా వినే చోట లెక్క మొండిగా చిన్న తేడాలను పెద్దవి చేసి, మైకుల సొంత గరగరను, గాలి తగిలిన గుడగుడను పైకి తెస్తుంది.

రొద ఫ్రేముల్లోకి మాట జారకూడదు. జారితే లెక్క ఆ మాటనే రొద అనుకుని తీసేస్తుంది. గొంతు కుండలోంచి మాట్లాడినట్టు బోలుగా వినిపిస్తే ముందుగా అనుమానించాల్సింది దీన్నే. మొదట రికార్డు చేసిన ముప్పై సెకన్ల విలువ అప్పుడు తెలుస్తుంది.

ఒక మనిషికి కట్టిన గుణకాలు ఇంకొకరికి పనికిరావు. అత్తయ్య మాట్లాడిన భాగాలకు అత్తయ్య మాత్రిక, తాత మాట్లాడిన భాగాలకు తాత మాత్రిక వాడాలి. మధ్యలో ఎవరైనా లేచి వేరే కుర్చీలో కూర్చుంటే అక్కడి నుంచి మళ్లీ లెక్కించాలి.

ఆగి ఆగి వచ్చే శబ్దాల సంగతి వేరు. చేనేత ఇంట్లో ముందుగదిలో మాట్లాడుతుంటే లోపల గుంట మగ్గం నడుస్తుంటుంది. మగ్గం పలక (నేసిన పోగును బిగించే భాగం) కొట్టిన ప్రతిసారీ దెబ్బ వినిపిస్తుంది. ఫ్యాన్ హోరు కంటే అది చెవికి ఎక్కువ ఇబ్బందే గానీ, అర్రేకు మాత్రం తేలిక. అది ఒక్క తలుపులోంచి, ఒక్క దిక్కు నుంచి వస్తుంది. ఎవరూ మాట్లాడని చోట్ల పడిన ఇరవై ముప్పై దెబ్బలను ఏరి, వాటి ఫ్రేములను కూడా రొద మాత్రికలో చేర్చండి. ఎంవీడీఆర్ ఆ దిక్కు వైపు చెవి మూసుకుంటుంది. వంటింటి తలుపులోంచి వచ్చే కుక్కర్ కూతకూ ఇదే మందు. నాలుగు మైకులతో ఇలా మూసుకోగలిగేది గరిష్ఠంగా మూడు దిక్కులు, గోడల మీంచి తిరిగొచ్చేవి కూడా అందులో వాటా అడుగుతాయి. కాబట్టి అన్ని శబ్దాలనూ ఒకేసారి చేర్చకండి, ఆ భాగంలో నిజంగా ఇబ్బంది పెడుతున్నవే చేర్చండి.

రికార్డింగు పొడుగ్గా ఉండి చేత్తో ఏరడం కష్టమైతే, ఏ ఫ్రేములో ఏ ఫ్రీక్వెన్సీలో మాట ఎక్కువుందో, రొద ఎక్కువుందో అంచనా వేసే న్యూరల్ నెట్‌వర్క్ మాస్కులు వాడవచ్చు. రొదలో మాటను గుర్తించే పరిశోధకుల పోటీ అయిన 2015 నాటి చైమ్-3 నుంచి ఈ దారి బాగా స్థిరపడింది. అక్కడ ఆరు మైకులున్న ట్యాబ్లెట్‌తో బస్సులో, కేఫ్‌లో, వీధిలో చేసిన రికార్డింగులు ఇచ్చారు. ఇందులో నాకు నచ్చేది, నెట్‌వర్క్ మాటను నేరుగా ముట్టుకోకుండా మాత్రికలు కట్టడానికి మాత్రమే సాయపడటం. ధ్వనిని మార్చే పని బీమ్‌ఫార్మర్‌దే.

ఎనిమిదో అడుగు: చివరి కోత, కొంచెమే

ఇప్పుడు మిగిలిన ఒక్క చానల్ మీద వీనర్ లాంటి పోస్ట్‌ఫిల్టర్ (రొద ఎక్కువున్న చోట్ల ధ్వనిని తగ్గించేది) వేయవచ్చు. ఇక్కడే చేతిని అదుపులో పెట్టుకోవాలి. ఎంత తగ్గించినా 10 నుంచి 12 డెసిబెల్ దాటి తగ్గించకుండా కింది హద్దు పెట్టండి, అంటే గుణకం 0.25 కంటే కిందికి పోకూడదు. హోరు సన్నగా, సమానంగా మిగిలితే చెవి దాన్ని పట్టించుకోదు. పూర్తిగా తుడిచేయబోతే అక్కడక్కడా మిగిలిన ముక్కలు గంటల్లా టింగుటింగుమంటాయి, మాట చివరలు రాలిపోతాయి. మాట ఆగిన తర్వాత కోత మొదలవడానికి 150 నుంచి 200 మిల్లీసెకన్ల గడువు ఇస్తే చివరి అచ్చులు దక్కుతాయి.

ఆ ఫైలును మాటను రాసే సాఫ్ట్‌వేర్‌కు ఇవ్వబోతుంటే ఈ అడుగును వదిలేసిన రూపం కూడా ఇచ్చి చూడండి. మనిషి చెవికి హాయిగా ఉన్నది యంత్రానికి తప్పుదారి పట్టించేది కావచ్చు.

తొమ్మిదో అడుగు: నిజంగా బాగుపడిందా

ముందొక అంకె. ఫ్యాన్ మాత్రమే ఉన్న భాగం సగటు లెవెల్, మాట ఉన్న భాగం సగటు లెవెల్, రెండూ ముందూ తర్వాతా కొలవండి. ఉదాహరణకు రొద మైనస్ 42 నుంచి మైనస్ 53 డెసిబెల్‌కు దిగి, మాట మైనస్ 24 నుంచి మైనస్ 25కు దిగితే మీ లాభం 10 డెసిబెల్. రొద ఎంత తగ్గిందన్నది ఒక్కటే చూస్తే మోసపోతాం, మాట కూడా దానితో తగ్గి ఉండవచ్చు.

తర్వాత చెవి. రికార్డింగు వినని ఒకరిని కూర్చోబెట్టి, ఒక్కో వాక్యం వినిపించి విన్నది విన్నట్టు రాయమనండి. సందర్భం ముందే చెప్పవద్దు. వచ్చాడు, వచ్చాడా తేడా పట్టుకుంటున్నారా? గుడి, గుడ్డి? గడి, గడ్డి? కల, కళ? ముడి చానల్ విని సరిగ్గా రాసి, శుభ్రం చేసినది విని తప్పు రాస్తే, ఎనిమిదో అడుగుకు వెళ్లి కోత తగ్గించండి. అప్పటికీ తప్పితే ఏడో అడుగులో రొద ఫ్రేములు మళ్లీ చూడండి. ఈ పరీక్షకు నేను అంకె కంటే ఎక్కువ విలువ ఇస్తాను.

ఇద్దరు ఒకేసారి, ఒకే దిక్కు నుంచి మాట్లాడిన చోట్లు, తరంగం తల విరిగిన చోట్లు, ఫ్యాన్ గాలి నేరుగా కొట్టిన చోట్లు ఈ పద్ధతికి లొంగవు. అక్కడ సమయం నోట్ చేసుకుని, ఆ మనిషి దగ్గరికే వెళ్లి "ఇక్కడ ఏమన్నారు పెద్దనాన్నా?" అని అడిగి రాసుకోవడం మంచిది. ఆలస్యం చేయకుండా ఆ వారంలోనే వెళ్లండి.

నాలుగు చానళ్ల ముడి ఫైలు 16 కిలోహెర్ట్జ్, 16 బిట్ల దగ్గర గంటకు సుమారు 460 మెగాబైట్లు అవుతుంది. రెండు చోట్ల దాచండి. దాని పక్కనే ఒక చిన్న టెక్స్ట్ ఫైలులో తేదీ, మైకుల మధ్య దూరాలు, ఎవరెక్కడ కూర్చున్నారో గీసిన బొమ్మ ఫైలు పేరు, ఫ్యాన్ ఏ నంబరు మీద ఉందో, ముప్పై సెకన్ల రొద ఏ సమయం నుంచి మొదలైందో రాసి పెట్టండి.